పాత ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ ముందు చక్రాల పని – 5వ పాఠం: మిగిలిపోయిన గ్రీజు, కాలిపర్ పిన్నులు

ఈ వారం నేరుగా ముందు బ్రేకుల్లోకి దిగుదామనుకున్నాను. కానీ యాక్సిల్ బూట్లు (చక్రాన్ని తిప్పే షాఫ్టు జాయింటు మీది రబ్బరు తొడుగులు) మార్చాక మీకు ఎదురైన ఇబ్బందులు విన్నాను. ముందు వాటి సంగతి చూడాలి.

బూటు వేసిన వారానికే చక్రం లోపలి వైపు మళ్ళీ నల్లటి గ్రీజు చిమ్మిందని ముగ్గురు చెప్పారు. మూడూ రొయ్యల చెరువు గట్ల మీద తిరిగే బండ్లే. ఒక్కదానికీ రబ్బరు చిరగలేదు, బూటును షాఫ్టుకు బిగించే చిన్న క్లాంపు దగ్గర కారింది. పోయిన పాఠంలో నేను ఒక్క మాటలో దాటేసిన చోటది. షాఫ్టు మీద బూటు కూర్చునే గాడిలో గ్రీజు జిడ్డు అస్సలు ఉండకూడదు. జిడ్డు ఉంటే క్లాంపు ఎంత బిగించినా బూటు జారుతుంది. గాడి పొడిగుడ్డతో తుడిచాక, షాఫ్టును బండి కింద ఎంత పొడవుగా ఉంటుందో అంత పొడవుకు లాగి పట్టుకోండి. చదునైన సన్న స్క్రూడ్రైవరు అంచు కింద దూర్చి, లోపలి గాలిని పోనివ్వండి. ఆ తర్వాతే క్లాంపు. గాలి ఎక్కువ మిగిలితే వేడికి ఉబ్బి అంచును తోసేస్తుంది. బాగా తక్కువైతే మడతలు లోపలికి పీక్కుపోయి, ఒకదానికొకటి రాసుకుని చిరుగుతాయి. ఇనప తీగతో చుట్టి పని అయిందనుకోవద్దు. నేను స్టీలు క్లాంపు తప్ప ఇంకేదీ వాడను.

కొత్త బూటు వేసినా స్టీరింగు పూర్తిగా తిప్పితే టకటక చప్పుడు ఆగలేదని ఇద్దరు అడిగారు. ఆగదు. ఆ చప్పుడు బయటి జాయింటుది. అందులో ఆరు బంతులు గాడుల్లో దొర్లుతుంటాయి. ఉప్పునీళ్ళ బురద చేరి గాడుల్లో గుంటలు పడ్డాక కొత్త గ్రీజు వాటిని పూడ్చలేదు. జాయింటు మార్చాల్సిందే.

ఇక అసలు విషయం. పాలకొల్లు వైపు ఒకాయన నా పాఠం కోసం ఆగకుండా బ్రేకు ప్యాడ్లు తనే మార్చుకున్నారు. మంచిదే. కానీ బూటు కిట్టులో మిగిలిన నల్ల గ్రీజును వృథా ఎందుకని కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్నులకు, అంటే అది అటూ ఇటూ జరిగే కడ్డీలకు, పూశారు. కొన్నాళ్ళకు చించినాడ వంతెన దిగేసరికి కుడి చక్రం దగ్గర మాడిన వాసన. చక్రం మీద చెయ్యి పెట్టలేనంత వేడి. విప్పి చూస్తే పిన్ను రబ్బరు ఉబ్బి పిన్నును పట్టేసింది. పిస్టన్ వైపు ప్యాడ్ సగం అరిగింది, బయటి ప్యాడ్ కొత్తదిలాగే ఉంది.

అసలు ఆ గ్రీజు మిగలకూడదు. ప్యాకెట్టు ఆ జాయింటుకు కొలిచి ఇచ్చినదే. సగం జాయింటులోకి కూరి, తక్కిన సగం బూటులో వేయాలి. మిగిలిందంటే లోపల తక్కువైనట్టే.

నన్ను బాగా బాధపెట్టేది ఇక్కడే ఉంది. మనం రబ్బరంటే ఒకటే అనుకుంటాం. బండి ముందు చక్రం దగ్గరే రెండు జాతుల రబ్బరు ఉంది. యాక్సిల్ బూటు ఎక్కువగా నియోప్రిన్, లేదా ప్లాస్టిక్ కలిసిన రకం. గ్రీజును తట్టుకోవడానికే దాన్ని చేశారు. బ్రేకు పిస్టన్ సీలు, పిన్నుల మీది తొడుగులు మాత్రం సాధారణంగా ఈపీడీఎం అనే రబ్బరు. దానికి బ్రేకు ద్రవంతో పేచీ లేదు. డీజిలు, కిరసనాయిలు, ఇంజనాయిలు, మామూలు గ్రీజు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది.

మన మాట కూడా మోసం చేస్తుంది. ‘బ్రేకాయిల్’ అంటాం. డాట్ 3, డాట్ 4 డబ్బాల్లో ఉండేది గ్లైకాల్ రకం ద్రవం, అది నూనె కాదు. ఆయిలే కదా అని బండిలోని బ్రేకు ద్రవం డబ్బాలో రెండు చుక్కల ఇంజనాయిలు పోసినవాళ్ళను చూశాను. పొరపాటున అలా పడితే పెడలు తొక్కకండి, బండి నడపకండి. ఆ నూనె ద్రవమంతటా కలిసిపోతే మాస్టర్ సిలిండరు (పెడలు తొక్కితే ద్రవాన్ని చక్రాలకు తోసే భాగం) నుంచి నాలుగు చక్రాల దాకా రబ్బరు సామానంతా మార్చాలి. షెడ్డులో ఏది విప్పినా డీజిల్ గిన్నెలో ముంచి కడగడం మనకు అలవాటు. గేరు పళ్ళకు సరే. కాలిపర్‌ను మాత్రం ఆ గిన్నె దగ్గరికి తీసుకెళ్ళవద్దు. బ్రేకు క్లీనర్ వాడండి. అది లేకపోతే తాజా బ్రేకు ద్రవం, శుభ్రమైన గుడ్డ చాలు.

పిన్నుకు రాయాల్సింది బ్రేకులకని రాసి ఉన్న సిలికాన్ గ్రీజు. అదీ పల్చగా. లావుగా పూస్తే లోపల గాలి ఇరుక్కుని పిన్ను వెనక్కి తంతుంది. పైపిన్ను, కిందిపిన్ను ఒకేలా కనిపించినా కొన్ని కాలిపర్లలో ఒకదానికి చివర రబ్బరు గొట్టం ఉంటుంది. అవి తారుమారు కాకూడదు. మన దగ్గర ఉప్పుగాలి, చెరువు నీళ్ళు కలిసి పిన్ను మీద తుప్పు గుంటలు వేస్తాయి. గుంట కనిపిస్తే ఉప్పుకాగితంతో రుద్దకుండా కొత్త పిన్ను కొనండి. కాలిపర్‌కు రెండు పక్కలా పిస్టన్లు ఉన్న బండ్లకు ఈ పిన్నులు ఉండవు, పిస్టన్ రబ్బర్ల గొడవ మాత్రం అదే.

ప్యాడ్లు మార్చడంలో మిగతా పని పెద్దది కాదు. జాకీ, స్టాండు, చక్రం విప్పడం మీకు తెలుసు. ఒక పక్క పూర్తయ్యేదాకా రెండో పక్క ముట్టుకోకండి. ఏది ఎటు ఉండాలో అదే మీకు నమూనా. కాలిపర్‌ను బ్రేకు గొట్టానికి వేలాడదీయకుండా తాడుతో స్ప్రింగుకు కట్టండి. పిస్టన్ వెనక్కి నొక్కేముందు బ్రేకు ద్రవం డబ్బాలోంచి కొంచెం ద్రవం తీసేయండి, పొంగి పెయింటు మీద పడితే రంగు లేచిపోతుంది. నేను పాత ప్యాడ్ అడ్డం పెట్టి సీ-క్లాంపుతో (మర తిప్పి నొక్కే బిగింపు) నెమ్మదిగా నొక్కుతాను. డిస్కు కనీస మందం దాని మీదే చెక్కి ఉంటుంది, అంతకంటే తగ్గితే మార్చాలి. చాలా పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకు డిస్కు, చక్రం బిగించే హబ్బు వెనక ఉంటుంది. హబ్బు విప్పక తప్పదు కాబట్టి బూటు పనితో కలిపి చేసుకుంటే ఒక పూట కలిసొస్తుంది. అంతా బిగించాక, బండి కదిలించకముందే పెడలు గట్టిపడేదాకా తొక్కండి. ఇది మరిచిపోతే మొదటి బ్రేకు కాలువలోనే. తర్వాత కొత్త ప్యాడ్లు కుదురుకోవడానికి, లారీలు లేని వేళ 50 కిలోమీటర్ల వేగం నుంచి 10 దాకా మెల్లగా తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ ఒక పదిసార్లు చేయండి.

అభ్యాసం. మూడు గాజు సీసాలు తీసుకోండి. పాత పిన్ను తొడుగు నుంచి ఒకే కొలతలో రెండు ముక్కలు, పాత యాక్సిల్ బూటు నుంచి ఒక ముక్క కోయండి. తొడుగు ముక్కల్లో ఒకటి డీజిల్లో, ఒకటి బ్రేకు ద్రవంలో, బూటు ముక్క ఇంజనాయిల్లో వేసి మూతలు పెట్టండి. పిల్లలకు అందకుండా పెట్టండి. వేసేముందు వెర్నియర్‌తో పొడవు, మందం రాసుకోండి. మూడు రోజులు, రోజూ ఒకే వేళకు తీసి తుడిచి మళ్ళీ కొలవండి. ఆ కొలతలన్నీ, మీ బండి నాలుగు ముందు ప్యాడ్ల మందం కలిపి ఒక కాగితం మీద రాసి ఉంచండి. బ్రేకుల్లో గాలి తీసే పాఠం ఆ కాగితం ముందు పెట్టుకుని మొదలుపెడదాం.