కాంటెస్టులో పాయింట్లు ఎక్కడ పోతున్నాయి? నల్లగొండ, పాలమూరు హామ్‌లకు సమస్య - పరిష్కారం

సీక్యూ వరల్డ్ వైడ్ అంటే హామ్‌లు, అనగా అమెచ్యూర్ రేడియో ఆపరేటర్లు, 48 గంటల్లో వీలైనన్ని దేశాల స్టేషన్లతో పలకడానికి పోటీపడే కాంటెస్టు. దాని ఫోన్ (మాట) విభాగం ఏటా అక్టోబరు చివరి పూర్తి వారాంతంలో, మోర్స్ విభాగం నవంబరు చివరి పూర్తి వారాంతంలో జరుగుతుంది. ఫలితాలు రాగానే మన జిల్లాల కొత్త హామ్‌లు చాలామంది యాంటెనాను తిట్టుకుంటారు. ఇంకో పది అడుగుల పైపు ఉంటే బాగుండేదనుకుంటారు. ముందు లాగ్, అంటే ఎవరితో ఎప్పుడు పలికామో రాసుకున్న జాబితా, తీసి చూడండని నా మాట. గాలిలో ఏం జరిగిందో అదే లాగ్‌లో ఉండాలి, ఎలా ఆడామో అదే కేటగిరీలో చెప్పాలి. కింది చిక్కుల్లో ఎక్కువ భాగం ఈ రెండింటిలో ఏదో ఒకటి తప్పినందువల్ల వచ్చేవే. లెక్కలన్నీ సీక్యూ వరల్డ్ వైడ్ నియమాల ప్రకారం చెబుతున్నాను. వేరే కాంటెస్టు ఆడేటప్పుడు ఆ ఏటి నియమాలు విడిగా చదువుకోవాలి.

సమస్య: నిర్వాహకులు పంపిన లాగ్ చెకింగ్ రిపోర్టులో దాదాపు ప్రతి కాంటాక్టూ "అవతలి లాగ్‌లో లేదు" అని వచ్చింది

అంతమంది మిమ్మల్ని రాసుకోకుండా వదిలేయరు. తప్పు గడియారంలో ఉంటుంది. కాంటెస్టు మొత్తం యూటీసీలోనే (ప్రపంచ ప్రామాణిక సమయం, మనకన్నా అయిదున్నర గంటలు వెనక) నడుస్తుంది. మన లెక్కన శనివారం ఉదయం 5:30కి మొదలై సోమవారం ఉదయం 5:29కి ముగుస్తుంది. నోటుపుస్తకంలో రాసుకుని తర్వాత టైపు చేసేవాళ్లు భారత సమయమే వేసేస్తారు. కొందరు అయిదున్నర గంటలు తీసేస్తారు గానీ తేదీ మార్చరు. ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు చేసిన కాంటాక్టు యూటీసీలో శనివారం 20:30 అవుతుంది.

దీనికన్నా కనిపించని తప్పు ఇంకోటుంది. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లలో టైమ్ జోన్ అమెరికా పసిఫిక్ మీదే ఉండిపోతుంది. మనం గడియారం ముల్లు మాత్రం చేత్తో మనకు సరిచేస్తాం. మూలన 6:10 అని చక్కగా కనిపిస్తుంది, అనుమానమే రాదు. లాగింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం ఆ 6:10ని పసిఫిక్ సమయం అనుకుని యూటీసీ లెక్క కడుతుంది. అక్టోబరులో అలా పడే సమయం 13:10, అసలు ఉండాల్సింది 00:40. పన్నెండున్నర గంటల తేడా.

శుక్రవారం రాత్రే టైమ్ జోన్ చూసుకోండి, నెట్ ద్వారా సమయం సరిచేయించండి, సాఫ్ట్‌వేర్ తెర మీద యూటీసీ ఎంత చూపిస్తోందో ఒకసారి చదవండి. కాంటెస్టు అయిపోయాక తప్పు బయటపడితే కంగారు వద్దు. లాగ్ మొత్తాన్ని ఒకే తేడాతో జరపవచ్చు, ఎన్1ఎంఎం వంటి లాగింగ్ సాఫ్ట్‌వేర్‌లలో ఆ వీలు ఉంది. జరిపినట్టు సోప్‌బాక్స్ (వ్యాఖ్యల) వరుసలో ఒక ముక్క రాయండి. గడియారాన్ని సరిదిద్దడం వేరు, విన్నదాన్ని మార్చడం వేరు. ఆ రెండోది నిషేధం. కాంటెస్టు ముగిశాక రికార్డింగ్ విని గానీ, డేటాబేస్ చూసి గానీ, మెయిల్ పెట్టి అడిగి గానీ కాల్‌సైన్లు (స్టేషన్ల గుర్తింపు పేర్లు) దిద్దకూడదు.

సమస్య: పోయిన కాంటాక్టులు కొన్నే, స్కోరు మాత్రం బాగా పడిపోయింది

కాల్‌సైన్ తప్పు రాస్తే ఆ కాంటాక్టు పోతుంది, దానిపైన దాని పాయింట్లకు రెట్టింపు కోత కూడా పడుతుంది. లెక్క వేసి చూడండి. మీకు 400 పాయింట్లు, 60 మల్టిప్లయర్లు (ఒక్కో బ్యాండ్‌లో, అంటే ఫ్రీక్వెన్సీ పట్టీలో, పలికిన ఒక్కో దేశానికి, ఒక్కో జోన్‌కు ఒకటి) ఉంటే స్కోరు 24,000. యూరప్ స్టేషన్ ఒకటి, మూడు పాయింట్లది, కాల్‌సైన్‌లో ఒక అక్షరం తప్పు రాశారు. 3 పోయి, 6 కోత పడి 391 మిగులుతాయి. ఆ దేశం ఆ బ్యాండ్‌లో మీకు అదొక్కటే అయితే మల్టిప్లయరూ పోతుంది. 391ని 59తో గుణిస్తే 23,069. ఒక్క అక్షరానికి 931 పోయాయి.

ఇలా జరగడానికి ప్రధాన కారణం ఊహ. సాఫ్ట్‌వేర్ చూపించే కాల్‌సైన్ల జాబితాలో దగ్గరగా ఉన్నది కనిపించగానే "ఇదే అయి ఉంటుంది" అని ఎంటర్ కొట్టేస్తాం. జాబితా వాడటం తప్పేమీ కాదు, వినకుండా వాడటమే తప్పు. రెండు సెకన్లు పోయినా సరే, "ఎగైన్" అని అడగండి.

రెండో కారణం మన నోటి అలవాటు. కాంటెస్టు కోసం ప్రపంచాన్ని జోన్లుగా విడగొట్టారు, ప్రతి కాంటాక్టులో ఎవరి జోన్ నంబరు వాళ్లు చెప్పాలి. మన జోన్ నంబరు 22ని మనం "డబుల్ టూ" అంటాం. ఫోన్ నంబర్లు అలాగే చెప్పి చెప్పి నాలుకకు పట్టేసింది. జపాన్ ఆపరేటరుకో, ఇటలీ ఆపరేటరుకో ఆ హోరులో "టూ" ఒక్కటే చెవిన పడుతుంది. "టూ టూ" అని విడివిడిగా పలకండి. వినేటప్పుడూ ఇంతే. జర్మనీ వాళ్లు చెప్పే 14 మన చెవికి 40లా వినిపిస్తుంది. 40వ జోన్ ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్‌ల వైపుది. అనుమానం వస్తే "వన్ ఫోర్?" అని తిరిగి అడగండి. జోన్ తప్పు రాస్తే కాంటాక్టు ఒక్కటే పోతుంది, అదనపు కోత ఉండదు. సాఫ్ట్‌వేర్ ముందే నింపిపెట్టిన జోన్‌ను గుడ్డిగా నమ్మవద్దు. అమెరికాలోనే 3, 4, 5 మూడు జోన్లున్నాయి. అవతలివారు చెప్పిందే రాయాలి.

ఈ శ్రద్ధ కాంటెస్టు వరకే అనుకోకండి. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్ నుంచి ప్రపంచంతో కాంటాక్టులు చేస్తుండగానే 26న సునామీ వచ్చింది. అదే రిగ్‌లు (రేడియో సెట్లు), అదే ఆపరేటర్లు అత్యవసర సమాచారానికి మళ్లారు. అక్కడ పేరులో ఒక అక్షరం తప్పితే ఒక కుటుంబానికి తప్పుడు కబురు అందుతుంది.

సమస్య: మన పిలుపు అందరికీ వినబడుతోంది, వాళ్లు పలికేది మనకు వినబడట్లేదు

మన ప్రాంతంలో నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. ఎస్ మీటరు (వచ్చే సిగ్నల్ బలం చూపేది) చప్పుడుతోనే 7, 8 దగ్గర కూర్చుంటుంది, బలమైన స్టేషన్లు తప్ప ఏమీ తేలవు. మొదటి పరీక్ష సులువు. రిగ్‌ను బ్యాటరీ మీద పెట్టి, ఇంటి మెయిన్ ఆపండి. మీటరు పడిపోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడు: ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ చార్జరు, ఇన్వర్టరు, సెట్‌టాప్ బాక్సు అడాప్టరు. మెయిన్ వేసి ఎంసీబీలు ఒక్కొక్కటే ఎత్తుతూ పోతే పట్టుబడుతుంది. ఇన్వర్టరు దోషి అయితే మెయిన్ ఆపగానే అది ఇంకా గట్టిగా మొదలుపెడుతుంది, కాబట్టి దాన్నీ ఆపాకే తీర్పు చెప్పండి.

మెయిన్ ఆపినా చప్పుడు తగ్గలేదంటే బయటి లైను. ఊళ్లో కరెంటు పోయినప్పుడు మీటరు కిందికి దిగిందా అని గమనించండి. నల్లగొండ, దేవరకొండ, జడ్చర్ల వైపు ఎండాకాలమంతా దుమ్ము పట్టిన ఇన్సులేటర్లు, వదులైన జంపర్లు, స్తంభాల మీద సరిగా పడని ఏబీ స్విచ్చులు బరబరమంటూనే ఉంటాయి. గట్టి వాన పడితే కొన్నాళ్లు ఆగుతాయి, ఎండితే మళ్లీ మొదలు. వానకు ఆగే చప్పుడు చాలావరకు లైనుదే. చిన్న ఏఎం రేడియో పట్టుకుని లైను వెంట నడిస్తే ఏ స్తంభం దగ్గర పెరుగుతుందో తెలుస్తుంది. స్తంభం నంబరు రాసుకుని లైన్‌మన్‌కు చెప్పండి. స్తంభాన్ని కర్రతో కొట్టి చూడటం, ఎక్కడం ఎప్పుడూ చేయకండి. బోరు మోటర్ల స్టార్టరు డబ్బాలో కాలిన కాంటాక్టులున్నా ఇలాగే గోల వస్తుంది. ఆ రైతుతో మంచిగా మాట్లాడితే ఆయనకూ మోటరు కాలిపోకుండా మేలు.

ఇక్కడే నియమం ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఇంత చప్పుడు భరించలేక కొందరు నెట్‌లో వేరే ఊరి రిసీవరు తెరిచి దానిలో విని, ఇక్కడి నుంచి జవాబిస్తారు. కాంటెస్టులో అది కుదరదు. ట్రాన్స్‌మిటర్లు, రిసీవర్లు అన్నీ 500 మీటర్ల వ్యాసం గల ఒకే వలయంలో ఉండాలి. పొలంలో, ఊరి బయట గుట్ట పక్కన బ్యాటరీతో స్టేషన్ వేసుకోవడం పూర్తిగా నియమబద్ధం, అయితే లైసెన్సులో రాసిన స్థలం సంగతి ముందే చూసుకోండి. అది వీలుకాకపోతే డాబా మీద ఒక చిన్న లూప్ యాంటెనాను వినడానికి మాత్రమే పెట్టి, చప్పుడు తగ్గే దిక్కుకు తిప్పండి.

సమస్య: పిలవగానే యాభై మంది మీద పడతారు, ఒక్క కాల్‌సైనూ తేలదు

ఇది మంచి సమస్య. 22వ జోన్‌లో మనతో పాటు శ్రీలంక, నేపాల్, భూటాన్, మాల్దీవులు, బంగ్లాదేశ్ ఉన్నాయి. కాంటెస్టులో అక్కడి నుంచి దొరికేవాళ్లు తక్కువ, అందుకే వీయూతో మొదలయ్యే మన దేశపు కాల్‌సైన్ వినగానే జనం ఎగబడతారు. విన్న రెండక్షరాలు చెప్పి ఆగండి. "టాంగో టాంగో" (టీ అక్షరానికి రేడియోలో వాడే మాట టాంగో) అని అడిగాక వాళ్లు వచ్చేవరకు ఇంకెవరికీ జవాబివ్వకండి. మధ్యలో అరుస్తున్న బలమైన స్టేషనుకు ఒక్కసారి లొంగారంటే, అరిస్తే పని అవుతుందని మీరే నేర్పినట్టు. తర్వాత గంటసేపు వరసలో నిలబెట్టలేరు. మీ కాల్‌సైన్ మాత్రం ప్రతి కాంటాక్టు చివర చెప్పండి. చెప్పకపోతే వచ్చేవాళ్లలో సగం మీరెవరో తెలియక ఆగి అడుగుతారు.

సమస్య: ఖాళీ ఫ్రీక్వెన్సీలో మొదలుపెడితే ఎవరో వచ్చి "ఇది మాది" అంటున్నారు

ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. 14 మెగాహెర్ట్జ్‌లో పగటిపూట మహబూబ్‌నగర్ స్టేషను బెంగళూరు స్టేషనుకు వినబడకపోవచ్చు. సిగ్నలు పైకెళ్లి దూరంగా దిగుతుంది, దగ్గరి ఊళ్లు ఆ నీడలో ఉండిపోతాయి. ఇద్దరూ యూరప్‌లో ఒకేచోట ఢీకొంటారు. పిలిచే ముందు "ఈజ్ దిస్ ఫ్రీక్వెన్సీ ఇన్ యూజ్?" అని రెండుసార్లు అడిగి, మధ్యలో ఆగి వినండి. వాడుతున్నామని ఎవరైనా అంటే మూడు కిలోహెర్ట్జ్ జరగండి. ఫ్రీక్వెన్సీ ఎవరి సొత్తూ కాదు, అలాగని పనిలో ఉన్నవాళ్ల మీద కూర్చోవడం న్యాయం కాదు. 14.100 జోలికి మాత్రం వెళ్లొద్దు, అక్కడ ప్రపంచమంతటి 18 బీకన్లు (పరీక్ష సంకేతాలు పంపే స్టేషన్లు) వరసగా పలుకుతుంటాయి. బ్యాండ్ చచ్చిందా, మీ యాంటెనా తెగిందా అని తేల్చుకోవడానికి మూడు నిమిషాలు అక్కడ వినండి, చాలు.

సమస్య: పక్క స్టేషన్లు "మీ సిగ్నల్ వెడల్పుగా ఉంది" అంటున్నాయి

మైక్ గెయిన్, ప్రాసెసర్ రెండూ ఎక్కువయ్యాయి. ఏఎల్‌సీ మీటరు (ట్రాన్స్‌మిటరుకు సిగ్నల్ మోతాదు మించుతోందా అని చూపేది) పెద్దగా లేవకుండా ఉండేంతవరకు తగ్గించండి. మీరు బిగ్గరగా ఉన్నారని కాదు, పక్కవాళ్ల చోటు తినేస్తున్నారని వాళ్ల ఫిర్యాదు. నియమాల్లో ఇది క్రీడాస్ఫూర్తికి విరుద్ధమైన పని కిందే ఉంది.

సమస్య: అన్ని కాంటాక్టులూ నిజమే, అయినా కేటగిరీ మార్చారు లేదా వివరణ అడిగారు

రెండు కారణాలు ఉంటాయి. ఒకటి, నెట్‌లో క్లస్టరు (స్టేషన్ల ఫ్రీక్వెన్సీలు చూపే జాబితా) తెరిచి ఎవరు ఎక్కడున్నారో చూస్తూ ఆడి, లాగ్‌లో "నాన్ అసిస్టెడ్" (సాయం లేకుండా ఆడాను) అని పెట్టడం. ఒక్కసారి చూసినా అది అసిస్టెడే. అందులో చిన్నతనం ఏమీ లేదు, అది కూడా గౌరవమైన కేటగిరీనే. పవర్ కూడా అంతే: 5 వాట్ల వరకు క్యూఆర్‌పీ, 100 వరకు లో పవర్. 48 గంటల్లో ఒక్క కాంటాక్టుకు యాంప్లిఫయర్ వేసినా లో పవర్ కాదు. మీ లైసెన్సు వీయూ2 (జనరల్ గ్రేడు) అయినా, వీయూ3 (రిస్ట్రిక్టెడ్ గ్రేడు) అయినా అందులో రాసిన పవర్, బ్యాండ్ల హద్దు కాంటెస్టు నియమాల కన్నా ముందు వస్తుంది.

రెండోది మన వాట్సాప్ గ్రూపులు. "అన్నా, ఫలానా ఫ్రీక్వెన్సీలో ఉన్నా, వచ్చి ఒక కాంటాక్టు ఇయ్యి" అని పెడతారు. స్నేహం కొద్దీ పదిమంది వచ్చి ఆ ఒక్కరికే నంబరు ఇచ్చి వెళ్లిపోతారు. లాగ్‌లన్నీ అందరికీ కనబడేలా పెడతారు కాబట్టి, ఒక్క స్టేషనుతోనే పలికిన ఈ పదిమంది కమిటీకి ఇట్టే తెలుస్తారు. పైగా మన దేశంలో మనకు మనమే పలికితే సున్నా పాయింట్లు, మల్టిప్లయరు మాత్రమే వస్తుంది. తమ్ముళ్లకు చెప్పాల్సింది ఇది: "నా కోసం రావద్దు, మీరు కూడా ఆడండి, బ్యాండ్‌లో ఎదురుపడితే మాట్లాడుకుందాం."

సమస్య: ఒకే స్టేషన్‌తో రెండుసార్లు పలికాను, తీసెయ్యాలా?

వద్దు. డ్యూప్‌కు, అంటే ఇలా రెండోసారి పలికినదానికి, కోత లేదు. మీరు తీసేస్తే, అవతలివారు లెక్కించుకున్నది ఆ రెండోసారిదే అయినప్పుడు వాళ్లకు నష్టం.

సమస్య: ముప్ఫై కాంటాక్టులే అయ్యాయి, లాగ్ పంపాలా?

పంపండి. మీరు పంపితే ఆ ముప్ఫై మంది లాగ్‌లు మీ లాగ్‌తో సరిపోల్చి చూస్తారు. స్కోరు పోటీలో పెట్టడం ఇష్టం లేకపోతే చెక్ లాగ్ అని రాసి పంపవచ్చు. లాగ్ పంపే క్యాబ్రిల్లో ఫైల్‌లో కాల్‌సైన్, పవర్, అసిస్టెడ్ వరుసలు మూడూ మరోసారి చదవండి. గడువు కాంటెస్టు ముగిశాక అయిదు రోజులు, అంటే యూటీసీ శుక్రవారం 23:59. మన గడియారంలో శనివారం ఉదయం 5:29.