బెంగళూరులో పోలీసులు ఫిర్యాదు తీసుకోకపోతే, డబ్బులు అడిగితే ఏం చేయాలి?

రాత్రి తొమ్మిదిన్నరకి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక బస్టాప్‌లో నిలబడి క్యాబ్ బుక్ చేసుకుంటున్నాడు మా బావమరిది. బైక్ మీద ఇద్దరొచ్చారు. వెనకవాడు చేతిలో ఫోన్ లాక్కున్నాడు, వెళ్లిపోయారు. నాలుగు సెకన్ల పని. ఇద్దరం కలిసి స్టేషన్‌కి వెళ్లాం. టేబుల్ దగ్గర కూర్చున్న హెడ్ కానిస్టేబుల్ అంతా ఓపిగ్గా విన్నాడు. ఒక తెల్లకాగితం ఇచ్చి, "కళెదుహోయితు అంత బరీరి" అన్నాడు. పోయింది అని రాయండి అని. "పోలేదు సార్, లాక్కెళ్లారు" అన్నాడు మావాడు. "ఎరడూ ఒందే. సిమ్ సిగుత్తె." రెండూ ఒకటే, సిమ్ దొరుకుతుంది.

రెండూ ఒకటి కాదు. కర్ణాటక పోలీసుల ఇ-లాస్ట్ యాప్‌లో పెట్టుకునేది పోగొట్టుకున్న వస్తువుకి. దాంతో సిమ్ వస్తుంది, అంతే. దొంగతనం జరిగినట్టు స్టేషన్ లెక్కల్లో ఎక్కడా ఉండదు, ఎవరినీ వెతకరు, ఇన్సూరెన్స్ వాళ్లు ఆ కాగితం ముఖం కూడా చూడరు. లాక్కెళ్లడం అనేది 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ప్రత్యేకంగా ఒక నేరం. సెక్షన్ 304, మూడేళ్ల దాకా జైలు. ఒక్క క్రియాపదం మారిస్తే కేసే ఉండదు.

పోలీసుల తప్పు అనగానే మనకి లాఠీలు, లాకప్పులు గుర్తొస్తాయి. కానీ ఊరు కాని ఊళ్లో ఉంటున్న మనలాంటివాళ్లకి ఎక్కువగా ఎదురయ్యేది ఇదిగో, ఇలాంటిది. ఎవరూ తిట్టరు, కొట్టరు. రేపు రమ్మంటారు. నేను లాయర్‌ని కాదు. ఆ నెల రోజుల్లో తిరిగి, అడిగి, చదివి తెలుసుకున్నది ఒక వరసలో పెడుతున్నాను.

మొదట 112కి ఫోన్ చేయండి

స్టేషన్ ఎంత దగ్గరున్నా సరే, పక్కవాళ్ల ఫోన్ నుంచైనా సరే. హొయ్సళ బండి, అంటే పోలీసుల గస్తీ వాహనం, వస్తుంది. వచ్చి వాళ్లేం చేస్తారన్నది తర్వాతి మాట. మీరు ఎన్ని గంటలకి, ఏమని చెప్పారో పోలీసుల దగ్గరే రికార్డు పడుతుంది. రేపు "మీరు మాకు చెప్పనే లేదు" అనడానికి కుదరదు.

ఫిర్యాదు ఇంట్లోనే రాసుకుని వెళ్లండి

మేం చేసిన తప్పు ఇదే, వట్టి చేతులతో వెళ్లాం. స్టేషన్లో కూర్చుని రాస్తే ఎదుటివాళ్లు చెప్పిన మాటలే కాగితం మీదకి వస్తాయి. ఒక పేజీ చాలు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు (తెలియకపోతే "గుర్తు తెలియని ఇద్దరు"), ఏం చేశారు, ఏం పోయింది, ఎవరు చూశారు. చివర్లో "కేసు నమోదు చేసి విచారణ జరపాలని కోరుతున్నాను" అన్న వాక్యం తప్పకుండా ఉండాలి. రెండు కాపీలు. కన్నడ రాకపోతే ఇంగ్లీషులో రాయండి, ఏమీ కాదు. మాటల దగ్గరికొస్తే అంత టెన్షన్ పడక్కర్లేదు. చింతామణి, బాగేపల్లి, పావగడ వైపు నుంచి వచ్చిన కానిస్టేబుళ్లు ఈ ఊళ్లో చాలామంది, మన తెలుగు వాళ్లకి బాగా అర్థమవుతుంది. అయినా నమస్కారం కన్నడలో పెట్టి మొదలుపెడితే గదిలో గాలే మారుతుంది, అది నేను చూశాను.

ఇది మా ఏరియా కాదు అంటే, జీరో ఎఫ్ఐఆర్ అని అడగండి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా నమోదు చేసి అక్కడికి పంపాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పోలీసులు, కోర్టులు కేసు నడిపే పద్ధతి చెప్పే కొత్త చట్టం) సెక్షన్ 173 చెబుతోంది. రైల్లో ధర్మవరం దగ్గర బ్యాగ్ పోయిందని తెలిసినా, ధర్మవరం వెనక్కి వెళ్లక్కర్లేదు. ఆన్‌లైన్‌లో పంపినా తీసుకోవాలి, కాకపోతే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి.

చేతిలో కాగితం లేకుండా బయటికి రాకండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. స్టేషన్లో గొంతు పెంచినందువల్ల ఒరిగేదేమీ లేదు, పైగా విధులకి అడ్డం పడ్డారని మీమీదే రాసే అవకాశం ఇచ్చినట్టవుతుంది. అడగాల్సింది ఒక్కటే. ఎఫ్ఐఆర్ కట్టారా, కాపీ ఇవ్వండి. అది ఉచితం, మీ హక్కు. కట్టలేదా, నా రెండో కాపీ మీద తేదీ, సంతకం, సీల్ వేసి ఇవ్వండి. ఇక్కడి స్టేషన్లలో దీన్ని స్వీకృతి అంటారు. కేసు ఎందుకు కట్టలేదో రాసిచ్చేదాన్ని హింబరహ అంటారు. ఈ రెండు మాటలూ బట్టీ పట్టండి. "స్వీకృతి కొడి సార్" అని నెమ్మదిగా అడిగేవాడిని చూస్తే, వీడికి పద్ధతి తెలుసు అని రైటర్‌కి, అంటే స్టేషన్లో కాగితాలు రాసే పోలీసుకి, అర్థమవుతుంది.

కేసు కట్టడం వాళ్ల ఇష్టం కాదు. పోలీసులు వారెంట్ లేకుండా పట్టుకోగల నేరం జరిగిందని ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్ఐఆర్ తప్పనిసరి అని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సురక్షా సంహిత ఒక సడలింపు ఇచ్చింది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో ముందుగా ప్రాథమిక విచారణ చేయవచ్చు. దానికి డీఎస్పీ స్థాయి అధికారి, అంటే బెంగళూరులో ఏసీపీ, అనుమతి ఉండాలి. 14 రోజుల్లో తేల్చాలి. కాబట్టి "ఎంక్వైరీ చేస్తున్నాం" అంటే, ఏ తేదీ నుంచి అని అడిగి రాసుకోండి. లైంగిక నేరాల ఫిర్యాదు అయితే నమోదు చేయకపోవడమే నేరం. న్యాయ సంహిత సెక్షన్ 199 కింద ఆ అధికారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా కఠిన శిక్ష పడవచ్చు.

మీతో మాట్లాడిందెవరో కూడా గుర్తుపెట్టుకోండి. ఛాతీ మీద పేరు ఉంటుంది. భుజం మీద ఒక నక్షత్రం ఏఎస్ఐ, రెండు ఎస్ఐ, ఎర్ర నీలం పట్టీతో మూడు నక్షత్రాలు ఇన్‌స్పెక్టర్. "ఎవరో ఒకాయన" మీద ఫిర్యాదు రాస్తే అది ఎక్కడికీ వెళ్లదు.

అక్కడ కాకపోతే డీసీపీకి, ఆ తర్వాత మేజిస్ట్రేట్‌కి

స్టేషన్ తీసుకోకపోతే అదే ఫిర్యాదుని జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పోస్టులో పంపవచ్చని సురక్షా సంహిత సెక్షన్ 173(4)లో ఉంది. బెంగళూరులో ఎస్పీ స్థానంలో ఉండేది మీ డివిజన్ డీసీపీ. ఏ తేదీన, ఏ స్టేషన్‌కి వెళ్తే, ఎవరు ఏమన్నారో ఒక పేరా కలపండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఇంకో కాపీ ఇన్‌ఫాంట్రీ రోడ్డులోని కమిషనర్ ఆఫీసుకి. కొన్ని స్టేషన్ల గోడ మీద లోకస్పందన అని క్యూఆర్ కోడ్ ఉంటుంది, ఫోన్‌తో స్కాన్ చేసి మీకు జరిగింది రాయవచ్చు. రాయండి, నష్టం లేదు. కానీ అది పోస్టుకి బదులు కాదు.

అప్పటికీ కదలకపోతే అఫిడవిట్ జతచేసి మేజిస్ట్రేట్‌ని అడగవచ్చు. సెక్షన్ 175(3) కింద విచారణకి ఆదేశించవచ్చు. ఇక్కడ మాత్రం లాయర్ ఉంటే మేలు. ఫీజు గురించి భయపడేవాళ్లు 15100కి ఫోన్ చేయండి, న్యాయసేవల ప్రాధికార సంస్థ నంబర్ అది. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా లాయర్‌ని ఉచితంగా ఇస్తారు.

డబ్బులు అడిగితే

2022 డిసెంబర్‌లో మాన్యతా టెక్ పార్క్ దగ్గర అర్ధరాత్రి దాటాక ఇంటికి నడిచి వెళ్తున్న భార్యాభర్తలని ఇద్దరు పోలీసులు ఆపారు. రాత్రి 11 తర్వాత రోడ్డు మీద తిరగకూడదని రూల్ ఉందన్నారు. అలాంటి రూలే లేదు. బేరమాడి చివరికి వెయ్యి రూపాయలు తీసుకున్నారు, అదీ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయించి. ఆ భర్త మర్నాడు జరిగినదంతా ట్విట్టర్‌లో పెట్టాడు. ఇద్దరూ సస్పెండ్ అయ్యారు. డబ్బు ఫోన్‌లో వెళ్లింది కాబట్టి అటు చివర ఎవరున్నారో తేలిపోయింది. నగదు ఇచ్చి ఉంటే ఆ భార్యాభర్తల మాటకి ఎదురుగా ఇద్దరి మాట ఉండేది.

ట్రాఫిక్ దగ్గర జరిమానా వసూలు చేసే అధికారం ఏఎస్ఐ, ఆపై స్థాయి వాళ్లకే. మెషిన్ రసీదు లేకుండా రూపాయి కూడా ఇవ్వకండి, ఆన్‌లైన్‌లో కడతానని చెప్పండి. ఆర్‌సీ, లైసెన్సు డిజిలాకర్‌లో చూపిస్తే చెల్లుతాయి. పాస్‌పోర్ట్ వెరిఫికేషన్‌కి వచ్చినవాళ్లకి ఇవ్వాల్సిన ఫీజు అంటూ ఏదీ లేదు, మీరు అప్లికేషన్‌తో కట్టిందే మొత్తం. "కాఫీకి ఏమైనా" అని నవ్వుతూ అడుగుతారు, మనమూ నవ్వుతూ ఐదొందలు తీస్తాం. ఇందులో మన వాటా కూడా ఉంది, దాచిపెట్టుకుంటే పోదు.

ఇక్కడొక చిక్కు చాలామందికి తెలియదు. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోగా అధికారులకి చెప్పాలి, చెబితే ఆ సెక్షన్ మీకు వర్తించదు. ఎనిమిదో రోజు చెబితే మీరూ ఇరుక్కోవచ్చు.

ఇవ్వకముందే చెప్పదల్చుకుంటే లోకాయుక్త, అంటే రాష్ట్రంలో అవినీతి ఫిర్యాదులు చూసే సంస్థ. 2022 ఆగస్టులో హైకోర్టు కర్ణాటక ఏసీబీని రద్దు చేశాక ఈ కేసులు మళ్లీ వాళ్లకే వచ్చాయి. ఆఫీసు విధానసౌధ దగ్గర ఎం.ఎస్. బిల్డింగ్‌లో. ట్రాప్, అంటే లంచం తీసుకుంటుండగా పట్టుకోవడం, ఎలా జరుగుతుందంటే, ముందు మీ ఫిర్యాదు, వీలైతే కాల్ రికార్డింగ్ తీసుకుంటారు. నోట్ల నంబర్లు సాక్షుల ఎదుట రాసుకుని, వాటికి ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. తెల్లటి పొడి, నోటు మీద కంటికి ఆనదు. అడిగినవాడు ఆ నోట్లు పట్టుకోగానే వచ్చి, అతని వేళ్లు సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచుతారు. గ్లాసులో నీళ్లు గులాబీ రంగుకి తిరుగుతాయి. ఆ నీళ్లని సీసాలో పోసి సీల్ వేస్తారు, కోర్టుకి వెళ్లేది అదే. మీరు నోరు విప్పి "ఇదిగో తీసుకోండి" అని బతిమాలకూడదు. అడిగేది వాళ్లే కావాలి.

స్టేషన్‌కి పిలిస్తే, పట్టుకెళ్తే

ఫోన్ చేసి "ఒకసారి వచ్చి వెళ్లండి" అంటే నోటీసు అడగండి. సాక్షిగా పిలిచేటప్పుడు ఆడవాళ్లని, 15 ఏళ్ల లోపు, 60 ఏళ్లు దాటిన మగవాళ్లని స్టేషన్‌కి రమ్మనకూడదు, పోలీసులే ఇంటికి రావాలి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, మెమో రాసి సాక్షి సంతకం తీసుకోవాలి, మీరు చెప్పినవాళ్లకి కబురు చేయాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. సూర్యాస్తమయం తర్వాత ఆడవాళ్లని అరెస్టు చేయాలంటే అసాధారణ కారణం, మహిళా అధికారి, మేజిస్ట్రేట్ అనుమతి మూడూ ఉండాలి. దెబ్బలు తగిలితే వైద్య పరీక్షలో డాక్టర్‌కి ఒక్కొక్కటీ చూపించి రాయించండి. ఇక్కడ మొహమాటపడితే తర్వాత నిరూపించడం చాలా కష్టం. వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని "డిజిటల్ అరెస్ట్" అనేవాడు పోలీసే కాదు, ఫోన్ పెట్టేయండి.

సీసీటీవీ సంగతి వెంటనే చూసుకోవాలి. 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్లో కెమెరాలు పెట్టాలని, రికార్డింగ్ 18 నెలలు, అంత వీలు కాకపోతే కనీసం ఏడాది ఉంచాలని ఆదేశించింది. ఆ రోజు, ఆ గంటల ఫుటేజీ భద్రపరచమని అదే వారంలో డీసీపీకి రాయండి. తర్వాత కెమెరా పనిచేయలేదని చెప్పినా, మీరు అడిగిన తేదీ కాగితం మీద ఉంటుంది.

కొట్టడం, వసూళ్లు, అక్రమంగా నిర్బంధించడం లాంటివాటికి పోలీస్ కంప్లైంట్స్ అథారిటీ ఉంది. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన ఏర్పాటు. ఆ తీర్పు ప్రకారం డీఎస్పీ దాకా ఉన్నవాళ్ల మీద జిల్లా అథారిటీకి, ఎస్పీ నుంచి పైవాళ్ల మీద రాష్ట్ర అథారిటీకి రాయాలి. రాష్ట్ర మానవ హక్కుల సంఘానికి కూడా రాయవచ్చు, ఫీజు లేదు, జరిగిన ఏడాదిలోపు రాయాలి. ఏ తలుపూ త్వరగా తెరుచుకోదు, నెలలు పడుతుంది. మధ్యలో ఆర్టీఐ పెట్టి మీ ఫిర్యాదు ఎంతవరకు వచ్చిందో అడగండి. పది రూపాయలు, 30 రోజులు. కర్ణాటకలో ఒక దరఖాస్తు 150 పదాలు దాటకూడదు, ఒకే విషయం ఉండాలి, మన పురాణమంతా రాస్తే తిప్పి పంపుతారు.

మా సంగతికొస్తే, డీసీపీకి కాగితం వెళ్లిన ఎనిమిదో రోజు స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. అదే టేబుల్, అదే హెడ్ కానిస్టేబుల్. ఎఫ్ఐఆర్ కాపీ చేతికిచ్చి, ఈసారి చక్కటి తెలుగులో, "మొదటి రోజే ఇట్ల రాసుకొచ్చింటే అయిపోతా ఉండె కదా సార్" అన్నాడు. ఆయనది చింతామణి దగ్గర పల్లెట. ముందు రాత్రి కూడా డ్యూటీలోనే ఉన్నాడట, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఫోన్ ఇప్పటికీ దొరకలేదు. ఇన్సూరెన్స్ డబ్బులు మాత్రం వచ్చాయి.