ఎఫ్‌సీ ఉంది సరే, కారు సంగతేంటి? పాత కారు కాగితాలు: సమస్య - పరిష్కారం

వారానికి ఒకరైనా వాట్సాప్‌లో ఆర్‌సీ ఫొటో పంపుతారు. కింద ఒకటే ప్రశ్న: “అన్నా, 2030 దాకా ఎఫ్‌సీ ఉంది, తీసుకోవచ్చా?” పాత ఇన్సూరెన్సు పాలసీ ఉండదు, మీటరు రీడింగ్ ఉండదు, ఒక్కోసారి కారు ఫొటో కూడా ఉండదు. ఆ 2030 అనే అంకె చూసి అడ్వాన్సు ఇచ్చేసి, ఆ తర్వాత నన్ను అడిగేవాళ్లే ఎక్కువ.

సొంత కారుకి మొదటి పదిహేనేళ్లలో ఆర్టీఏ ఫిట్‌నెస్ పరీక్ష ఉండదు. పదిహేనేళ్లు నిండాక ఆర్‌సీ రెన్యువల్‌కి పోతే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కారు చూసి ఇంకో అయిదేళ్లు రాస్తాడు. మనవాళ్లు ‘ఎఫ్‌సీ’ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) అంటున్నది దీన్నే. అంటే పాత కారు చరిత్ర ఒక్కచోట దొరకదు, మనమే కూర్చుకోవాలి. ఒక తెల్ల కాగితం తీసుకుని తేదీలు వరుసగా రాయండి: తయారీ నెల, రిజిస్ట్రేషన్, పేరు మార్పులు, ప్రతి పాలసీ మొదలు-ముగింపు, పొల్యూషన్ సర్టిఫికెట్లు, సర్వీసు రీడింగులు, రెన్యువల్. పది నిమిషాల పని. ఇన్నేళ్లలో ఇది చేసి నా దగ్గరికి వచ్చినవాళ్లు ముగ్గురికి మించరు.

ఛాసిస్ నంబరు కారు మీద చదివి ఆర్‌సీతో పోల్చడం, లోన్ ఎంట్రీ తీసేశారో లేదో చూడటం మీకు తెలుసనే అనుకుంటున్నాను.

లక్షణం: రెన్యువల్ పోయిన నెల, అమ్మకం ఈ నెల

కారణం: అమ్మడానికే చేయించారు. తప్పేం కాదు, కానీ ఆ ముద్ర విలువ ఎంతో తెలియాలి. ఇన్‌స్పెక్టర్ ఆ రోజు తన ముందు నిలబడ్డ బండిని చూస్తాడు: ఛాసిస్ నంబరు, లైట్లు, హారన్, వైపర్, బ్రేకు, టైర్లు. క్లచ్ ఇంకెన్నాళ్లు వస్తుంది, ఇంజను ఆయిల్ తాగుతోందా అన్నది ఆయన పని కాదు. టైర్లు ఒక్కరోజుకి అరువు తెచ్చి బిగించేవాళ్లూ ఉన్నారు.

పరిష్కారం: టైరు పక్కన నాలుగంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం. పోయిన నెల పరీక్ష పాసైన కారు కింద అరిగిపోయిన 2016 టైర్లు ఉంటే పరీక్షకి పోయినవి అవి కావు. కింద కొత్తగా నల్ల కోటింగ్ కొట్టి ఉంటే స్క్రూడ్రైవర్ పిడితో డోర్ల కింది అంచు పొడవునా తట్టండి. ఖంగుమంటే ఇనుము. మెత్తగా దబ్బుమంటే లోపల తుప్పు, పైన రంగు. రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి 600 బదులు 5,000 అయింది, గ్రీన్ టాక్స్ (పాత బండ్ల మీద వేసే పన్ను) అదనం. ఆ ఖర్చు అడిగితే ఇవ్వండి. “ఎఫ్‌సీ ఉంది కాబట్టి” అని పైన నలభై వేలు అడిగితే నవ్వి ఊరుకోండి.

లక్షణం: నంబరు వయసు కారుకంటే చిన్నది

2012లో తయారైన కారుకి టీఎస్ నంబరు. తెలంగాణ వచ్చిందే 2014 జూన్ 2న. అప్పటిదాకా ఇక్కడ ఏపీ నంబర్లే. పాతవాటిని మార్చుకోవాల్సిన అవసరం పడలేదు, ఏపీ 09, ఏపీ 28 బండ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. కాబట్టి 2012 కారుకి టీఎస్ (2024 మార్చి తర్వాతైతే టీజీ) ఎందుకొచ్చింది? రెండే దారులు: వేరే రాష్ట్రం నుంచి వచ్చింది, లేదా ట్యాక్సీగా తిరిగి సొంత బండిగా మారింది.

ట్యాక్సీ అయితే పాత రికార్డులో ఏటా, లేదా రెండేళ్లకోసారి ఎఫ్‌సీ తేదీలుంటాయి. సొంత కారుకి అవి ఉండవు. కారులో ఆనవాళ్లు: స్పీడ్ గవర్నర్ (వేగం మించకుండా ఆపే పరికరం) తీసేసిన వైర్లు, పైన క్యారియర్ రంధ్రాలు, నిగనిగలాడే కొత్త స్టీరింగ్ కవరు. ట్యాక్సీ చెడ్డదని కాదు, మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి ధరే ఇచ్చి కొనాలి, అంతే. వేరే రాష్ట్రమైతే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని పాత ఆర్టీఏ ఇచ్చే పత్రం), ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టిన రసీదు చూడండి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ మీద నిషేధం వచ్చినప్పటి నుంచి అక్కడి కార్లు మన వైపు చాలా దిగాయి. కొన్ని బంగారం లాంటివి కూడా. కానీ “టాక్స్ మీరే కట్టుకోండి, అందుకే తక్కువ” అన్న కారు జోలికి పోవద్దు.

లక్షణం: మధ్యలో ఎనిమిది, పది నెలలు ఏ కాగితమూ లేదు

నా చెయ్యి కాలింది ఇక్కడే.

2022 మొదట్లో మా బావమరిదికి ఒక పెట్రోల్ కారు చూసిపెట్టాను. ఏపీ 10, 2006 మార్చి రిజిస్ట్రేషన్, ఒకే ఓనరు. 2021 మార్చిలో పదిహేనేళ్లు నిండాయి, రెన్యువల్ అయింది మాత్రం అక్టోబరులో. ఆలస్యం ఎందుకంటే పెద్దమనిషి నెమ్మదిగా చెప్పాడు: “కరోనా టైంల అందరియి గట్లనే ఉండె గద తమ్మీ, గవర్నమెంటే డేట్ పెంచింది.” నిజమే. 2020 ఫిబ్రవరి 1 తర్వాత గడువు తీరిన లైసెన్సు, ఆర్‌సీ, ఫిట్‌నెస్ అన్నింటికీ కేంద్రం గడువు పెంచుకుంటూ పోయి 2021 అక్టోబరు 31 దాకా తెచ్చింది. నాకు తెలిసిన విషయమే కావడంతో ఇంకో ప్రశ్న వేయలేదు. అబద్ధం చెప్పి ఉంటే పట్టుకునేవాణ్నేమో. నిజం చెప్పాడు, అందుకే బోల్తా పడ్డాను.

నేను చూడనిది ఇన్సూరెన్సు. పాత పాలసీ 2020 నవంబరులో అయిపోయింది, అందులో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ అడగనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 50 శాతం. తర్వాతి పాలసీ 2021 సెప్టెంబరులో, అదీ థర్డ్ పార్టీ మాత్రమే, అంటే ఎదుటివాళ్ల నష్టానికే, మన కారుకి కాదు. ఆ పెంచిన గడువులు ఇన్సూరెన్సుకి వర్తించవు. లాక్‌డౌన్ మొదట్లో గడువు తీరిన పాలసీలకి 2020 మే 15 దాకా వెసులుబాటిచ్చారు, అంతటితో సరి. మరి నవంబరులో ఎందుకు ఆపాడు? బోనస్ 20 శాతంతో మొదలై, ఏళ్ల తరబడి క్లెయిమ్ లేకుండా నడిపితే 50కి చేరుతుంది. పాలసీ ముగిసిన 90 రోజుల్లో కట్టకపోతే మొత్తం పోతుంది. అంత బోనస్ ఉన్నవాడు ఊరికే వదులుకోడు. బండి కదలని స్థితిలో ఉంటేనే వదులుకుంటాడు.

2020 అక్టోబరు 13, 14 తేదీల్లో హైదరాబాద్‌లో వచ్చిన వరదలు గుర్తున్నాయా? ఫలక్‌నుమా, హయత్‌నగర్, రామంతాపూర్, టోలీచౌకి నదీమ్ కాలనీ. మళ్లీ 17న గుర్రం చెరువు తెగి హఫీజ్ బాబా నగర్. కార్లు ఒకదాని మీద ఒకటి ఎక్కిన ఫొటోలు అందరం చూశాం. ఆ కార్లన్నీ తుక్కుకి పోలేదు. కడిగి, ఆరబెట్టి, సీట్లు కుట్టించి, చాలా వాటిని మళ్లీ రోడ్డెక్కించారు. మాది అందులో ఒకటి.

మొదటి వానాకాలం దాకా ఏమీ తెలియలేదు. జూలైలో సెంట్రల్ లాక్ తనంతట తాను టకటక కొట్టుకోవడం మొదలైంది. తర్వాత అద్దాలు సగంలో ఆగాయి. ఒక సాయంత్రం ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఇంజను ఆగిపోయింది, చల్లారాక మళ్లీ స్టార్టయింది. బ్యాటరీ మార్చాం, ఫ్యూయల్ పంపు మార్చాం. చివరికి ఎలక్ట్రీషియన్ కుర్రాడు కార్పెట్ లేపి పిలిచాడు. వైర్ల జాయింట్లన్నీ ఆకుపచ్చ చిలుము, కింద గట్టిపడ్డ ఒండ్రు. వైరింగుకి, పోయిన విడిభాగాలకి కలిపి అరవై వేల పైన అయింది. బావమరిది ఏమీ అనలేదు. మా ఆవిడ అంది.

మునిగిన కారు ఆర్టీఏ పరీక్షలో పాసవుతుంది, అందుకే ఇది దొంగ జబ్బు. ఆ రోజు లైట్లు వెలుగుతాయి, బ్రేకు పడుతుంది. రాగి లోపల్లోపల తినుకుపోవడానికి రెండు మూడు వానాకాలాలు పడుతుంది. 2010, 2011 కార్లు ఇప్పుడు వరసగా పదిహేనేళ్లు నిండి కొత్త రెన్యువల్‌తో మార్కెట్‌కి వస్తున్నాయి. ఆ అక్టోబరులో ఇవీ ఈ ఊళ్లోనే ఉన్నాయి.

పరిష్కారం, నేను ఇప్పుడు చేసే వరుసలో:

2019 నుంచి ఉన్న పాత పాలసీలన్నీ అడగండి. “ఒరిజినల్ పోయింది” అంటే కంపెనీ మెయిల్‌లో పీడీఎఫ్ ఉంటుంది, వెతికి ఇవ్వమనండి. 2019 నుంచి 2022 దాకా తేదీల మధ్య ఖాళీ, బోనస్ సున్నాకి పడటం, ఫుల్ నుంచి థర్డ్ పార్టీకి దిగడం చూడండి. ఒక మినహాయింపు: బోనస్ మనిషిది, కారుది కాదు. ఆ ఏడాది పేరు మారి ఉంటే సున్నా సహజమే. అప్పుడు అడగాల్సింది, 2020 చివర్లో అంత హడావిడిగా ఎందుకు అమ్మారని.

ఖాళీ కనిపిస్తే కారు దగ్గర ఈ మూడూ చూడండి. వాసన మీద ఆధారపడకండి, అయిదేళ్లలో పోతుంది. ముందు సీటు బెల్టు చివరిదాకా, ఇంక రానంతవరకు లాగండి. రోజూ వాడని ఆ చివరి జానెడులో బురద గీత ఉంటుంది, దాన్ని కడగాలని ఎవరికీ తట్టదు. తర్వాత డోర్ దగ్గర ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి కార్పెట్ లేపండి. అమ్మేవాడు వద్దంటే మీకు సమాధానం దొరికినట్టే. చివరగా సీటు కింద బోల్టులు, డాష్‌బోర్డు కింద స్క్రూలు: ఎండలో నిలిచిన కారుకి అక్కడ దుమ్ముంటుంది, నీళ్లలో నిలిచినదానికి తుప్పుంటుంది.

మునిగిందని తేలితే ధర తగ్గించి కొందామనుకోకండి. ఎంత తగ్గిస్తే సరిపోతుందో మెకానిక్‌కీ తెలియదు. ఇప్పటికే కొనేసి ఉంటే వానాకాలానికి ముందే కార్పెట్ మొత్తం తీసి ఆరబెట్టి, ఎర్త్ పాయింట్లు గీకి, కనెక్టర్లు ఒక్కొక్కటే విప్పి క్లీనర్ కొట్టించండి. పచ్చబడ్డ వైరు మీద టేపు చుట్టించుకుని రావద్దు, ఆ ముక్క కోసి కొత్తది వేయించండి.

ఖాళీలన్నీ వరదలే కావు. ఓనరు అమెరికాలో కొడుకు దగ్గరికి పోయి ఏడాది ఉండొచ్చు, ఈ ఊళ్లో అది మామూలే. అప్పుడు బెల్టు శుభ్రంగా ఉంటుంది, టైర్లు మాత్రం ఒకే చోట నిలిచి చదునైపోయి ఉంటాయి.

లక్షణం: పొల్యూషన్ రీడింగులు అన్నిసార్లూ ఒకటే

బండి పోకుండానే కాగితం వచ్చింది. మీ ఎదురుగా కొత్తగా చేయించండి, పెద్ద ఖర్చేం కాదు.

అరుదైనవి

ఛాసిస్ నంబరు గీకి మళ్లీ కొట్టడం, రెండు కార్లు కలిపి అతికించడం గురించి అందరూ భయపడతారు. ఇన్నేళ్లలో ఒక్కటి చూశాను. ఇంజను నంబరు ఆర్‌సీతో కలవకపోవడం దానికంటే ఎక్కువ. ఇంజను మార్చి ఆర్‌సీలో ఎక్కించలేదన్నమాట, ఎక్కించి ఇస్తేనే డబ్బు అనండి.

చలానాలు ఎలాగూ చూస్తారు కదా, మొత్తం ఎంతో చూసి మూసేయకండి, ఫొటోలు తెరవండి. కట్టని చలానాలో తేదీతో సహా కారు బొమ్మ ఉంటుంది. “రెండేళ్లు షెడ్డులోనే ఉంది సార్” అన్న కారు ఒకటి అదే రెండేళ్లలో ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర నాలుగుసార్లు దొరికింది, పసుపు ప్లేటుతో.