మనసు బాగున్న రోజే రాసిపెట్టుకోవాల్సిన కాగితం

మనసు కుంగిపోయిన పూట ఎవరైనా "నీకేది ఇష్టమో అది చెయ్యి, తేలికపడతావు" అంటే ఒక్కటీ గుర్తురాదు. నాకైతే ఏళ్ల తరబడి ఇష్టంగా చేసిన పనులు కూడా ఆ పూట వేరెవరివో అనిపించేవి. అందుకే ఆ పూట ఏం చేయాలో, కాస్త కుదురుగా ఉన్న రోజునే రాసిపెట్టుకోవాలి.

ఇది నేను కనిపెట్టింది కాదు. 1997లో అమెరికాలోని వెర్మాంట్‌లో, మానసిక సమస్యలు స్వయంగా పడ్డవాళ్లు కొందరు మేరీ ఎలెన్ కోప్‌లాండ్‌తో కలిసి ఇలాంటి ప్రణాళిక ఒకటి తయారుచేశారు. దాన్ని 'వ్రాప్' (వెల్‌నెస్ రికవరీ యాక్షన్ ప్లాన్) అంటారు. మన గురించి మనమే రాసుకోవడం ఇందులో అసలు సంగతి. మందులు వాడుతున్నవాళ్లు ఇది రాసుకున్నామని మందులు ఆపకూడదు, రెండూ పక్కపక్కన నడవాలి.

ఒక నోట్‌బుక్, పెన్ను, గంట తీరిక చాలు. ఫోన్‌లో కంటే కాగితం మీదే రాయమంటాను. దిగులుగా ఉన్నప్పుడు ఫోన్ తీస్తే అది మనల్ని ఎటో లాక్కుపోతుంది.

మొదట, బాగున్నప్పుడు మీరెలా ఉంటారు?

నాలుగు మాటలు రాయండి. కబుర్లు చెబుతారా, వంట చేస్తూ పాడుకుంటారా, ఊరికే ఉండలేరా? రేపు ఎంత మారారో పోల్చి చూసుకోవడానికి ఇదే కొలబద్ద.

తర్వాత, రోజూ తప్పనిసరి పనులు

మూడు చాలు. పది రాస్తే నాలుగో రోజుకే పుస్తకం మూసేస్తారు. నావి ఇవి: రాత్రి ఎప్పుడు పడుకున్నా పొద్దున ఆరున్నరకే లేవడం, సాయంత్రం నాలుగు దాటాక కాఫీ, టీ తాగకపోవడం, రోజుకొకరితో నోరారా మాట్లాడటం. మెసేజ్ లెక్కలోకి రాదు. నిద్ర పట్టని వాళ్లు లేచే వేళను స్థిరం చేసుకుంటే, పడుకునే వేళ మెల్లగా దారికొస్తుంది.

ముందస్తు గుర్తులు

దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి. దిగులు ఒక్క రోజులో వచ్చి పడదు, చిన్న చిన్న మార్పులతో మొదలవుతుంది. నా జాబితాలో ఉన్నవి చెబుతాను. దండెం మీంచి తెచ్చిన బట్టలు మడతపెట్టకుండా మూడు రోజులు కుర్చీలోనే ఉండటం. అమ్మ ఫోన్ చేస్తే మోగనిచ్చి, "తర్వాత చేస్తాలే" అనుకోవడం. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి, మళ్లీ కన్ను మూతపడకపోవడం.

మనకు కనబడనివి ఇంట్లోవాళ్లకు కనబడతాయి, వాళ్లనూ అడగండి. నేను అడిగితే మా అక్క వెంటనే చెప్పింది: "నీకు బాగోలేదని నాకు ఫోన్‌లోనే తెలిసిపోతుందే. నేనేం చెప్పినా 'ఊఁ, సరే' అంటావు. తిరిగి ఒక్క మాట అడగవు." అది నాకెప్పుడూ తట్టలేదు. అక్క మాటలు యథాతథంగా రాసుకున్నాను.

కలతపెట్టే సందర్భాలనూ పక్కనే రాయండి: నెలాఖరు ఖర్చులు, పిల్లల పరీక్షలు, దగ్గరివాళ్లు పోయిన తిథి. ముందే తెలిస్తే ఆ వారం అదనపు పనులు ఒప్పుకోకుండా ఉండొచ్చు.

గుర్తులు కనిపిస్తే ఏం చేయాలి?

ఒక్కో గుర్తుకు ఎదురుగా ఒక్క పని, అదీ అయిదు నిమిషాల్లో అయ్యేది. 'వ్యాయామం చేయాలి' అని రాస్తే పని జరగదు. 'చెప్పులేసుకుని వీధి చివరి దాకా వెళ్లి రావాలి' అని రాయండి. చేయాలనిపించేదాకా ఆగొద్దు. ముందు పని మొదలుపెడితే ఆసక్తి వెనకాల వస్తుంది.

రెండు వారాల పాటు దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ ఉంటే డాక్టరును కలవాలి. ఆ వాక్యాన్ని పెద్ద అక్షరాలతో రాసుకోండి.

చేయి దాటితే

ఈ పేజీ మీతోపాటు ఇంకొకరి దగ్గరా ఉండాలి. ఎవరిని పిలవాలి, ఏ డాక్టరు, ఏ మందులు, ఏవి పడవు, పిల్లల్ని ఎవరు చూసుకుంటారు అన్నీ రాయండి. నన్ను ఎవరు పలకరిస్తే భారమవుతుందో కూడా రాశాను. రాసేటప్పుడు మొహమాటపడ్డాను గానీ, అది అవసరం. చచ్చిపోవాలన్న ఆలోచనలు వచ్చే అవకాశం ఉంటే, ఇంట్లోని పురుగుమందు, మిగిలిపోయిన మాత్రలు ఎవరు తీసుకెళ్లి దాచాలో పేరుతో సహా రాయండి. ఆ క్షణం దాటిపోవడానికి చేతికి అందకుండా ఉండటమే పెద్ద సాయం.

దాని కిందే 14416 అని రాయండి. అది 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ నంబరు, మనసు బాగోలేనప్పుడు ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ సేవ. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్కడి ఇలాంటి సహాయ నంబరు 988 రాసుకోవాలి.

మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, తనకు ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో పెద్దవాళ్లెవరైనా ముందే రాసి ఉంచుకోవచ్చు. తన తరఫున మాట్లాడే మనిషినీ ఎంచుకోవచ్చు. ఇదివరకు ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినవాళ్లు ఈ సంగతి డాక్టరుతో తప్పక మాట్లాడాలి.

మళ్లీ తీసి చూడండి

కష్టకాలం దాటాక ఏది పనిచేసిందో ఉంచి, పనికిరానిది కొట్టేయండి. నా కాగితంలో మొదట 'సాయంత్రం అరగంట నడక' అని ఉండేది. కుంగిన రోజుల్లో ఒక్కసారీ కాలు కదపలేకపోయాను. ఇప్పుడక్కడ 'డాబా మీది తులసికి చెంబెడు నీళ్లు' అని ఉంది. అది మాత్రం ఇప్పటిదాకా తప్పలేదు.