రోవర్‌లో ఫిక్స్ ఉంది, రాయి మాత్రం కలవడం లేదు: సమస్య - పరిష్కారం

రోవర్ అంటే ఉపగ్రహ సంకేతాలతో స్థానం కొలిచే, పోల్ మీద బిగించి తిరిగే సర్వే పరికరం. తెర మీద ఫిక్స్ (సెంటీమీటర్ల స్థాయిలో స్థానం దొరికింది) అని వచ్చినంత మాత్రాన పాయింటు సరైనదని నమ్మకూడదు. పని మొదలుపెట్టే ముందు కోఆర్డినేట్లు (స్థానం అంకెలు) తెలిసిన సర్వే రాయి మీద పోల్ నిలబెట్టి చూడాలి. తేడా ఎంత, ఎటువైపు అన్నది చూస్తే తప్పు ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది.

తేడా వంద మీటర్లు దాటింది, అన్ని రాళ్లకూ ఒకే దిశలో

ఇది డేటమ్ (కోఆర్డినేట్లు లెక్కించడానికి ఆధారంగా తీసుకునే భూమి నమూనా) తప్పు. పాత టోపోషీట్ల అక్షాంశ, రేఖాంశాలు ఎవరెస్ట్ గోళాభం (లెక్కల కోసం భూమికి ఇచ్చిన గుండ్రటి ఆకారం) మీద లెక్కించినవి, రోవర్ ఇచ్చేవి జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 డేటమ్‌లో. పాత విలువల్ని మార్చాకే జాబ్ (పరికరంలోని పని ఫైలు)లోకి ఎక్కించాలి.

ఈస్టింగ్ (తూర్పు వైపు కొలిచే అంకె) లక్షల మీటర్లలో తేడా వస్తే అది యూటీఎం జోన్ తప్పు. భూమిని 6 డిగ్రీల పట్టీలుగా (జోన్లుగా) విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతే యూటీఎం. మనవైపు ఎక్కువ భాగం 44వ జోనే (78° నుంచి 84° తూర్పు). కానీ అనంతపురం, ఆదోని, తాండూరు 43లోకి, పలాస, ఇచ్ఛాపురం 45లోకి వెళ్తాయి. జోన్‌ను పరికరానికి వదిలేయకుండా, ప్రాజెక్టు మొత్తానికి నిర్ణయించినదాన్నే పెట్టాలి.

రాళ్లు కలిశాయి, టేపు దూరం కలవలేదు

పరికరంలో లోపం లేదు. యూటీఎం గ్రిడ్ దూరానికి (పటం లెక్కలో వచ్చేదానికి), నేల మీది దూరానికి తేడా ఉంటుంది. విజయవాడ దగ్గర కిలోమీటరుకు గ్రిడ్ సుమారు 38 సెం.మీ. తక్కువ చూపిస్తుంది, హైదరాబాద్‌లో సుమారు 40 సెం.మీ. ఎక్కువ. కంట్రోలర్ (రోవర్‌ను నడిపే చేతి పరికరం)లో గ్రౌండ్ దూరం ఎంచుకోండి. టేపుకు సరిపెట్టడానికి రాయిని జరపడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. అక్కడ పోయేది రైతు భూమి.

తీరప్రాంతంలో ఎత్తు మైనస్‌లో

రోవర్ ఇచ్చేది గోళాభం నుంచి ఎత్తు. మన ప్రాంతంలో సముద్రమట్టం దానికంటే కిందే ఉంటుంది. హైదరాబాద్ దగ్గర ఆ తేడా సుమారు 76 మీటర్లు. జియోయిడ్ మోడల్ (ఎక్కడ ఆ తేడా ఎంతో చెప్పే పట్టిక) ఎక్కించి, బెంచ్‌మార్క్ (ఎత్తు తెలిసిన గుర్తు) మీద సరిచూసుకోవాలి.

ఫిక్స్ ఉంది, కానీ చూసిన ప్రతిసారీ పాయింటు మారుతోంది

అన్నింటిలోకీ ప్రమాదకరమైనది ఇదే. మామిడి తోటలో, రేకుల షెడ్డు పక్కన సిగ్నల్ తిరిగి తగిలి వస్తుంది. పరికరం ఉపగ్రహానికీ తనకూ మధ్య ఉన్న తరంగాల సంఖ్యను తప్పుగా లెక్కగట్టి, ఫిక్స్ అనే చూపిస్తుంది. ఎలివేషన్ మాస్క్ (ఇంతకంటే కింద ఉన్న ఉపగ్రహాల్ని వదిలేసే కోణం) 15 డిగ్రీలకు పెంచండి. రోవర్‌ను ఆరుబయటికి తెచ్చి, ఫిక్స్ వదిలించి, కొత్తగా ఫిక్స్ రానిచ్చి అదే పాయింటు మళ్లీ కొలవండి. అరగంట గడిచాక, ఉపగ్రహాలు జరిగాక, ఇంకోసారి చూడండి. మూడూ 2-3 సెం.మీ.లో కలిస్తేనే రాసుకోవాలి.

కలవకపోతే ఆ చోట రోవర్ పట్టు వదిలేయడమే మంచిది. ఆరుబయట ఒకదానికొకటి కనబడే రెండు పాయింట్లు పెట్టుకుని, టోటల్ స్టేషన్ (కోణం, దూరం కొలిచే పరికరం)తో రాయిని అందుకోండి. ఆ రెండింటి మధ్య దూరం రాయి దూరం కంటే ఎక్కువ ఉండాలి. 50 మీటర్ల బ్యాక్‌సైట్ (దిశ పట్టడానికి చూసే పాయింటు)లో 2 సెం.మీ. తప్పు 200 మీటర్ల దగ్గర 8 సెం.మీ. అవుతుంది.

దూరాలు సరే, పటం మొత్తం తిరిగిపోయింది

ధ్రువ నక్షత్రంతో దిశ పట్టినప్పుడు ఇది ఎక్కువగా కనిపిస్తుంది. హైదరాబాద్‌లో అది ఉత్తరాన సుమారు 17 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, కానీ సరిగ్గా ధ్రువం మీద ఉండదు. సమయం ప్రకారం సవరించకపోతే 40 నిమిషాల (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం) దాకా, అంటే 100 మీటర్లకు మీటరు పైనే తప్పు. ఆ సవరణ చేశాక వచ్చేది నిజ ఉత్తరమే, గ్రిడ్ ఉత్తరం (పటం గీతలు చూపే ఉత్తరం) కాదు. హైదరాబాద్‌లో బేరింగు (దిశ కోణం)కు సుమారు మరో 45 నిమిషాలు కలపాలి.

పొద్దున ఫిక్స్, మధ్యాహ్నం ఫ్లోట్

ఫ్లోట్ అంటే ఫిక్స్ దాకా రాని, కచ్చితత్వం తక్కువైన స్థానం. కరెక్షన్ ఏజ్ (బేస్ నుంచి వచ్చిన సవరణ ఎంత పాతదో చెప్పే అంకె) కొన్ని సెకన్లు దాటితే సిమ్ సిగ్నల్ చూడండి. అది బాగానే ఉంటే కారణం అయనోస్ఫియర్ (సిగ్నల్ దాటి రావాల్సిన, విద్యుదావేశం ఉన్న పై వాతావరణ పొర). భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి మనకు మధ్యాహ్నం, సూర్యాస్తమయం తరవాత అలజడి ఎక్కువ. కీలకమైన పాయింట్లు పొద్దున్నే ముగించుకోండి, బేస్ (ఒకచోట స్థిరంగా ఉండి రోవర్‌కు సవరణలు పంపే రిసీవర్) దగ్గరగా పెట్టుకోండి.

ఇవేవీ కాకుండా మూడు నాలుగు సెం.మీ. తేడా వస్తుంటే పోల్ బుడగ చూడండి. 2 మీటర్ల పోల్ ఒక డిగ్రీ వాలితే 3.5 సెం.మీ. పోతుంది.