ఫ్రిజ్‌లో పెట్టినా మొలవని అడవి గింజలు: సమస్య - పరిష్కారం

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరోంచ, అహేరి వైపు ఇంటి పెరట్లో నారు పోసుకునేవారు, తడి ఇసుకలో కలిపి రెండు నెలలు ఫ్రిజ్‌లో ఉంచినా టేకు, రేల, ఇప్ప గింజల్లో ఒక్కటీ మొలవలేదని బాధపడుతున్నారు. ఆ పద్ధతి ఆపిల్, అక్రోటు వంటి చలిదేశపు చెట్లది. మంచులో మొలిస్తే మొక్క బతకదు కనుక, 1 నుంచి 5 డిగ్రీల తడి చలిలో వారాల తరబడి గడిస్తే తప్ప వాటి గింజ మేల్కొనదు. ప్రాణహిత ఒడ్డున మండుటెండల్లో రాలిన గింజ ఎదురుచూసేది తొలకరి కోసం.

టేకు నాటి నెల దాటినా మొలక కనిపించకపోతే, ముందుగా నాలుగైదు కాయలను కత్తెరతో అడ్డంగా కోసి చూడాలి. లోపలి నాలుగు గదులూ ఖాళీగా ఉంటే ఆ కాయలతో ప్రయోజనం లేదు. ఒక్క గదిలోనైనా తెల్లని గట్టి పప్పు ఉంటే, అడ్డుపడుతున్నది పెంకేనని భావించవచ్చు. అటువంటి కాయలను గోనెసంచిలో పోసి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పగలంతా బండ మీద ఎండబెడుతూ రెండు వారాలు గడిపితే, పైనున్న నూగు పొర ఊడి పెంకు వదులవుతుంది. అప్పుడే ఏరిన కాయ కంటే ఏడాది నిల్వ ఉన్నది మెరుగు. మడి పూర్తి ఎండలో ఉండాలి. మొలకలు ఒకేసారి రావు కనుక, పది పదిహేను వచ్చాక మిగిలినవి చచ్చాయనుకొని మడిని తవ్వేయవద్దని నా మనవి.

రేల గింజ ఎంత నానినా ఉబ్బకపోవడానికి కారణం, నీటిని చొరనివ్వని పైపొర. గింజ అంచును గరుకు రాయి మీద రుద్ది, లోపలి లేత రంగు కనబడగానే ఆపి, రాత్రంతా నానబెట్టాలి. తెల్లవారాక ఉబ్బనివాటిని మళ్లీ రుద్దాలి.

ఇప్ప గింజ నల్లబడి, మెత్తబడి, పుల్లటి వాసన వేస్తుంటే కారణం పూర్తిగా వేరు. మొలకెత్తకుండా ఆగి ఉండే నిద్రే దానికి లేదు. ఎండినా, చలి తగిలినా చనిపోతుంది. నేనూ ఒక ఏడాది డబ్బాడు గింజలను ఇలాగే పోగొట్టుకున్నాను. చెడినదాన్ని బాగుచేసే మార్గం లేదు. జూన్, జూలైలలో చెట్టు కింద పండు రాలగానే గుజ్జు కడిగి, వారం లోపే తడి మట్టిలో నాటుకోవాలి.