పీఎస్3లో పెళ్లి వీడియో ఆడుతలేదా? నాకు పనిచేసిన సెట్టింగ్

నల్గొండ, మిర్యాలగూడ దిక్కు ఇప్పుడు పెళ్లి వీడియోలు పెన్‌డ్రైవ్‌లో 4కే హెచ్‌ఈవీసీ (హెచ్.264 తర్వాత వచ్చిన వీడియో కుదింపు పద్ధతి) ఫైళ్లుగా ఇస్తున్నరు. పీఎస్3 గేమ్ కన్సోల్‌కి పెడితే పేరు కనిపిస్తది కానీ ‘అన్‌సపోర్టెడ్ డేటా’ అంటది. పేరు చివర ఎంపీ4 అని మార్చుడు, వేరే పెన్‌డ్రైవ్, ఆన్‌లైన్ కన్వర్టర్లు ఏవీ పనిచెయ్యలే.

పనిచేసింది హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్. ముందు ఫార్మాట్ ఎంపీ4, తర్వాత సైజు 1920×1080కి దించిన. వీడియో ట్యాబ్‌లో హెచ్.264, ప్రొఫైల్ హై, లెవెల్ (వీడియో ఎంత బరువు ఉండొచ్చో చెప్పే హద్దు) 4.1. పక్కనే ఉండే 10-బిట్‌ది ముట్టుకోవద్దు. అసలు చిక్కు ఫ్రేమ్‌రేట్ (సెకనుకు ఎన్ని బొమ్మలు) కాడ ఉంది. లెవెల్ 4.1 సెకనుకు 2,45,760 మాక్రోబ్లాకులే (బొమ్మను విడగొట్టే 16×16 చుక్కల గళ్లు) ఒప్పుకుంటది. 1080పీలో ఒక్కో ఫ్రేమ్‌కు 8,160 పోతయి, అంటే 30 ఫ్రేములకే 2,44,800. కెమెరా 60లో తీస్తే దాన్ని 30, కాన్‌స్టాంట్ చెయ్యాల్సిందే. ఆఖరికి ఆడియోలో పాస్‌త్రూ (అసలు ఆడియోను మార్చకుండ అట్లనే ఉంచేది) తీసేసి ఏఏసీ స్టీరియో, 160 కేబీపీఎస్ పెట్టిన.

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఉండాలె, అందులో ఒక్క ఫైల్ 4 జీబీ దాటొద్దు. రెండు గంటల వీడియోకు సగటు బిట్‌రేట్ 4,000 కేబీపీఎస్ పెడితే సుమారు 3.75 జీబీ వస్తది. కాకపోతే తలంబ్రాలు ఎగిరే చోట బొమ్మ గళ్లుగళ్లుగా విరుగుతది. అందుకే హ్యాండ్‌బ్రేక్‌లోని రేంజ్‌లో గంట గంటకు రెండు ముక్కలు చేసి 8,000 పెట్టుడే మేలు.

ఇది హెచ్‌ఈవీసీ ఫైళ్ల సంగతి. మీది మొదటి నుంచే హెచ్.264 అయితే కారణం వేరే కావొచ్చు, ముందు ఫైల్ వివరాలు చూపించే మీడియాఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో లెవెల్, ఆడియో చూసుకోండ్రి. పీఎస్4 లెవెల్ 4.2 దాకా తీసుకుంటది కాబట్టి అక్కడ 60 ఫ్రేములు దించే పని లేదు.